అంగన్‌వాడీ ఆటపాటల్లో పగటి సంరక్షకులకు చోటు

ఆరేళ్ల లోపు శిశువు ఎదుగుదలకు ఆహారం, టీకాలు ఎంత అవసరమో ఆట, మాట, పాట అంతే అవసరమని ప్రభుత్వ విధానాలు గుర్తించి చాలా కాలమైంది. ఆ అవసరాన్ని తీర్చేందుకు ఉభయ తెలుగు రాష్ట్రాల్లో గ్రామ గ్రామాన అంగన్‌వాడీ కేంద్రాలు పనిచేస్తున్నాయి. మంజూరైన కేంద్రాలు ఆంధ్ర ప్రదేశ్‌లో సుమారు 55,600, తెలంగాణలో 35,700. అయితే శిశువు పగలంతా ఎవరి చేతిలో ఉంటున్నదో ఆ వ్యక్తికి ఈ కేంద్రంలో ఏ స్థానం ఉన్నదన్న ప్రశ్న తరచుగా మరుగున పడుతున్నది. తల్లి పొలానికో, ఫ్యాక్టరీకో, దుకాణానికో వెళ్లిన ఇంట శిశువును అమ్మమ్మ, నాయనమ్మ, పొరుగింటి స్త్రీ లేదా జీతానికి కుదిరిన ఆయా చూసుకొంటారు. కేంద్రం నుంచి పిలుపు మాత్రం తల్లి పేరిటే వెళ్తుంది. తల్లి రాలేదు, చూసుకొనే వ్యక్తికి పిలుపు లేదు. ఫలితంగా శిశువు ఆటపాటలకు దూరమవుతున్నాడు.

ఈ విషయంలో చట్టం, పథకాలు ఏమి చెప్తున్నాయి, లోపం ఎక్కడ ఉన్నది, ప్రస్తుత నిబంధనల పరిధిలోనే చేయదగినది ఏమిటి అన్న అంశాలను పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఈ వ్యాసం వివరిస్తుంది.

పగటి సంరక్షకులు ఎవరు?

తల్లిదండ్రులు పనిలో ఉన్న వేళ శిశువు ఆలనాపాలనా చూసే వ్యక్తిని ఈ వ్యాసంలో పగటి సంరక్షకులు అని వ్యవహరించడం జరిగింది. వీరు నాలుగు విధాలుగా కనిపిస్తారు.

మొదటి వారు అవ్వాతాతలు. ఉమ్మడి మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల నుంచి వలస వెళ్లిన కుటుంబాల్లోను, గల్ఫ్ దేశాలకు మనుషులను పంపిన కరీంనగర్, కోనసీమ, కడప ప్రాంతాల కుటుంబాల్లోను పసిపిల్లలు నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి వీరి వద్దనే పెరుగుతారు.

రెండవ వారు పొరుగువారు. నాట్ల కాలంలో, మిరపకాయ కోతల కాలంలో ఒక వీధిలోని పిల్లలను ఒక పెద్దావిడ వద్ద దిగవిడిచి మిగిలిన స్త్రీలు కూలికి వెళ్లడం పల్లెల్లో వాడుకలో ఉన్నదే. కొంత ధాన్యమో, రోజుకు కొద్ది డబ్బో ఇచ్చుకోవడం మినహా దానికి రాతకోతలు ఉండవు.

మూడవ వారు నగరాల్లో నెల జీతానికి పనిచేసే ఆయాలు. పట్టణ మధ్యతరగతి ఇళ్లలో పిల్లలను ఎత్తుకొని ఆడించే ఈ స్త్రీలలో అనేకులు స్వయంగా తల్లులు. వారి పిల్లలు ఆ సమయంలో బస్తీలో మరొకరి వద్ద ఉంటారు. ఒకే పగలు రెండు ఇళ్లలో సంరక్షకుల అవసరం ఏర్పడుతున్నదన్నమాట.

నాలుగవ వారు అక్కలు. చెల్లినో, తమ్ముణ్ణో చంకనెత్తుకొని బడి మానిన బాలిక కూడా లెక్కకు పగటి సంరక్షకురాలే. అయితే ఆమె విషయం పూర్తిగా వేరు. దానిని విడిగా పరిశీలించవలసి ఉన్నది.

నేపథ్యం

అంగన్‌వాడీ అన్న మాటకు మూలం ఆంగన్, అనగా ఇంటి ముంగిలి. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ 1945లో మహారాష్ట్రలోని బోర్డి గ్రామంలో శిశు విద్యా కృషి ప్రారంభించారు. బడికి రాలేని పిల్లల వద్దకు బడినే తీసుకువెళ్లాలన్న ఆలోచన అక్కడి అనుభవం నుంచే రూపుదిద్దుకొన్నది. ముంగిట్లో పిల్లలు ఆడుతుంటే ఇంటి పెద్దలు చుట్టూ కూర్చుని చూసేవారు. ఆటపాటల్లో ఇంటివారి భాగస్వామ్యం ఈ విధంగా ఆరంభం నుంచీ ఈ భావనలోనే ఉన్నది.

తెలుగువారికి ఈ చరిత్రతో ప్రత్యక్ష సంబంధం ఉన్నది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ తొలి అధ్యక్షురాలు. ఆ మండలి చేపట్టిన గ్రామీణ సంక్షేమ కార్యక్రమాల్లో బాల్వాడీలు ముఖ్య భాగం. 1969లో ఢిల్లీలో ఒక నిర్మాణ స్థలం వద్ద మీరా మహదేవన్ కూలీల పిల్లల కోసం సంచార క్రెష్‌ను ప్రారంభించారు. పని ఎక్కడ ఉంటే పిల్లల సంరక్షణ అక్కడే ఉండాలన్న సూత్రానికి అది మార్గదర్శకమైంది.

ఐ.సి.డి.ఎస్.గా ప్రసిద్ధమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో ప్రారంభమైంది. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, రెఫరల్ సేవలు, పోషకాహార ఆరోగ్య విద్య, పూర్వ ప్రాథమిక విద్య అనే ఆరు సేవలను ఒకే గొడుగు కిందకు తేవడం దీని విశిష్టత. క్రెష్‌ల కోసం స్వచ్ఛంద సంస్థలకు సహాయమందించే పథకం సైతం 1975లోనే ఆరంభమైంది. ఒకే ఏడాది రెండు పథకాలు పుట్టినప్పటికీ అవి చాలా కాలం వేర్వేరు దారుల్లో నడిచాయి. ఆటపాటలు ఒక కేంద్రంలోను, పగటి సంరక్షణ మరొక కేంద్రంలోను ఉండిపోవడానికి ఆ విభజనే కారణం.

హక్కు శిశువుదే

పగటి సంరక్షకుల ప్రవేశాన్ని గూర్చి చర్చించేటప్పుడు ముందుగా గుర్తుంచుకోవలసినది ఒకటి ఉన్నది. అంగన్‌వాడీ సేవలు పొందే హక్కు శిశువుకు చెందినది. ఎవరు వెంటబెట్టుకొని వచ్చారన్నదానిపై అది ఆధారపడదు.

2002 నాటి 86వ సవరణ అనంతరం రాజ్యాంగం 45వ అధికరణం, ఆరేళ్లు నిండే వరకు పిల్లలందరికీ బాల్య సంరక్షణ, విద్య అందించేందుకు ప్రభుత్వం కృషి చేయాలని ఆదేశిస్తున్నది. జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013లోని 5వ సెక్షన్ ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు గల ప్రతి శిశువుకు వయసుకు తగిన ఆహారాన్ని స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా అందించాలని నిర్దేశించింది. ఆదాయ పరిమితి లేదు; తల్లి ఉద్యోగంతో నిమిత్తం లేదు.

సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13 నాటి ఉత్తర్వులో ఐ.సి.డి.ఎస్. సేవలను ఆరేళ్ల లోపు పిల్లలందరికీ సార్వత్రికం చేయాలని ఆదేశించింది. 40 మంది ఆరేళ్ల లోపు పిల్లలు ఉండి అంగన్‌వాడీ లేని గ్రామీణ ఆవాసం లేదా మురికివాడ ప్రజలు కేంద్రాన్ని కోరితే మూడు నెలల్లోగా మంజూరు చేయాలన్నది ఆ ఉత్తర్వులోని మరో ముఖ్యాంశం.

2013 అక్టోబరులో ప్రకటితమైన జాతీయ బాల్య సంరక్షణ, విద్యా విధానం ఈ విషయంలో మరింత స్పష్టత ఇచ్చింది. అంగన్‌వాడీలు, క్రెష్‌లు, ప్లేస్కూళ్లు, నర్సరీలు, బాల్వాడీలతో పాటు ఇంటి వద్ద జరిగే సంరక్షణ కూడా తన పరిధిలోకి వస్తుందని ఆ విధానం పేర్కొన్నది. ప్రభుత్వ, ప్రైవేటు, అసంఘటిత రంగాలు మూడింటికీ అది వర్తిస్తుంది. వీధిలో నలుగురు పిల్లలను చూసుకొనే పెద్దావిడను విధానం మరచిపోలేదు. ఆమెను కేంద్రంతో కలిపే ఏర్పాటు మాత్రమే ఇంకా బలపడవలసి ఉన్నది.

ఆటపాటల వేళ జరిగేది

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజూ కనీసం రెండు గంటల పాటు పూర్వ ప్రాథమిక విద్య అందించాలని 2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'పోషణ్ భీ పఢాయీ భీ' కార్యక్రమం నిర్దేశిస్తున్నది. కథ చెప్పడం, అభినయ గేయాలు, రంగుల గుర్తింపు, గింజలతో లెక్కలు, మట్టి బొమ్మలు, బొమ్మల పుస్తకాలు, ఆరుబయట ఆటలు ఇందులోనివి. 2024లో ఇందుకై రెండు కరదీపికలు వెలువడ్డాయి. వాటిలో 'ఆధార్‌శిల' మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం 48 వారాల ప్రణాళిక. 'నవచేతన' పుట్టుక నుంచి మూడేళ్ల వరకు నెలవారీగా అమర్చిన 36 నెలల కార్యకలాపాల పట్టిక. అందులో 140 కార్యకలాపాలు ఉన్నాయి. ఇవి అంగన్‌వాడీలో, క్రెష్‌లో, ఇంట్లో ఎక్కడైనా చేయదగినవి.

ఇవి ఇంట్లోనూ చేయదగినవి కావడమే సంరక్షకుల విషయంలో కీలకం. కేంద్రంలో శిశువు గడిపేది పగటిలో కొంత భాగమే. మిగిలిన సమయం సంరక్షకురాలి వద్ద గడుస్తుంది. ఆమె ఒక పూట కూర్చుని చూస్తే టీచరు చేసేది ఏమిటో, ఎందుకో తెలుస్తుంది. మూత పెట్టిన డబ్బాలో గింజలు వేసి శబ్దం వినిపించడం, వస్తువును కొంగు కింద దాచి వెదికించడం, కనిపించిన ప్రతిదానికీ పేరు చెప్తూ నడిపించడం వంటివాటికి ఖర్చు లేదు, చదువు అవసరం లేదు. నిజానికి వీటిలో కొన్ని పాతతరం అమ్మమ్మలకు తెలిసినవే. జోలపాట, తారంగం, చెమ్మచెక్క, దాగుడుమూతలు ఆ కోవలోనివి. వాటిని పిల్లల ఎదుట మరలా వినిపించమని కోరినప్పుడు అవ్వ కేంద్రానికి అతిథిగా కాక సహకారిగా వస్తుంది.

ప్రతి నెలా ఒక నిర్ణీత దినాన గ్రామస్థాయిలో ఈసీసీఈ దినం జరపాలన్న మార్గదర్శకాలు ఇందుకు అనువైన వేదిక. పిల్లలు నేర్చుకొన్నది పెద్దల ముందు ప్రదర్శించడం, వారి పురోగతిని వివరించడం, స్థానిక వస్తువులతో ఆటబొమ్మలు తయారు చేయించడం ఆ దినం ఉద్దేశాలు. దీనిని తల్లుల సమావేశంగా మాత్రమే భావించడంతో కూలికి వెళ్లిన తల్లుల పిల్లల తరఫున ఎవరూ రాని స్థితి ఏర్పడుతున్నది.

మూడేళ్ల లోపు వారి సంగతి

అసలు లోపం ఇక్కడ ఉన్నది. పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు నిండిన వారికి ఉద్దేశించినది. ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు ప్రధానంగా ఇంటికిచ్చే పోషకాహారం అందుతుంది. తెలుగు రాష్ట్రాల్లో బాలామృతం పేరు ఈ సేవకు పర్యాయపదంగా మారింది. పొట్లం ఇంటికి చేరుతుంది గాని శిశువు కేంద్రానికి రావలసిన పని ఉండదు. బరువు తూచే రోజున, టీకా రోజున తప్ప ఈ వయసు శిశువుకు కేంద్రంలో నిర్ణీత వేళ అంటూ లేదు.

పగటి సంరక్షకురాలి వద్ద సాధారణంగా ఒకే వయసు పిల్లలు ఉండరు. నాలుగేళ్ల మనుమరాలు, ఏడాదిన్నర మనుమడు ఒకే అవ్వ చేతిలో ఉంటారు. పెద్దపిల్లను కేంద్రంలో దించి, చిన్నవాణ్ణి చంకనెత్తుకొని ఆమె వెనుదిరగవలసి వస్తుంది. ఎండలో రెండుసార్లు నడవలేక కొన్నాళ్లకు ఇద్దరినీ ఇంట్లోనే ఉంచుకొంటుంది. రిజిస్టరులో ఇది గైర్హాజరుగా మాత్రమే నమోదవుతుంది; కారణం నమోదు కాదు.

శిశువు మెదడు ఎదుగుదల అత్యంత వేగంగా సాగే కాలం ఈ తొలి మూడేళ్లే. అందుచేత వారానికి ఒక పూటైనా చిన్నపిల్లలను, వారిని చూసుకొనే వారిని కలిపి కూర్చోబెట్టే ఆటవేళకు 'నవచేతన' ఆధారం కాగలదు. ఆశా కార్యకర్తలు 2018 నుంచి అమలులోకి వచ్చిన గృహ ఆధారిత శిశు సంరక్షణ కార్యక్రమం కింద 3, 6, 9, 12, 15 నెలల వయసులో ఇంటికి వెళ్లి శిశువును చూస్తారు. ఆ సందర్శనలో వారికి ఎదురయ్యేది తరచుగా పగటి సంరక్షకురాలే. ఆమెకు కేంద్రం గూర్చి తెలియజేసేందుకు ఇంతకన్న తగిన సందర్భం లేదు.

క్రెష్‌లు, పాలనా పథకం

క్రెష్‌ల పథకం 2006 జనవరి 1 నుంచి రాజీవ్ గాంధీ జాతీయ క్రెష్ పథకంగా, 2017 జనవరి 1 నుంచి రాష్ట్రాల ద్వారా అమలయ్యే జాతీయ క్రెష్ పథకంగా రూపాంతరం చెందింది. 2022లో మిషన్ శక్తి అంతర్భాగంగా 'పాలనా' పేరిట పునర్వ్యవస్థీకరించబడింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు సంరక్షణ అందించడం ఈ క్రెష్‌ల విధి. నిద్ర వసతి, మూడేళ్ల లోపు వారికి ప్రేరణాత్మక ఆటలు, మూడేళ్లు దాటినవారికి పూర్వ ప్రాథమిక విద్య, పోషకాహారం, ఎదుగుదల పర్యవేక్షణ, ఆరోగ్య పరీక్షలు, టీకాలు ఇందులో భాగం.

గత పథకంలో తల్లి నెలకు కనీసం 15 రోజులు లేదా ఏడాదికి ఆరు నెలలు పనిచేస్తుండాలన్న నియమం ఉండేది. 'పాలనా'లో తల్లి ఉద్యోగ స్థితితో నిమిత్తం లేదు. అంగన్‌వాడీతో క్రెష్‌ను కలిపి నడిపే నమూనాకు ప్రాధాన్యమిచ్చి, దేశవ్యాప్తంగా 17,000 అంగన్‌వాడీ–క్రెష్‌లను 2025-26 నాటికి నెలకొల్పాలని లక్ష్యంగా పెట్టుకోవడం జరిగింది. వ్యయంలో సాధారణ రాష్ట్రాలకు కేంద్ర, రాష్ట్ర వాటాలు 60:40.

ఈ నమూనా వల్ల 1975 నాటి విభజన తొలగి సంరక్షణ, ఆటపాటలు ఒకే ఆవరణలోకి వస్తాయి. అయితే 17,000 అన్నది దేశమంతటికీ. తెలుగు రాష్ట్రాల్లోనే 90 వేలకు పైగా అంగన్‌వాడీలు ఉన్నాయి. అందుచేత రాగల కాలంలో సైతం అధిక సంఖ్యాకులైన పిల్లలు అవ్వల వద్ద, పొరుగువారి వద్దనే పగలు గడుపుతారన్నది స్పష్టం. క్రెష్ ఉన్నచోట క్రెష్, లేనిచోట సంరక్షకురాలికి కేంద్రంలో చోటు అన్నవి ఒకదానికొకటి పోటీ కావు.

పని స్థలాల వద్ద

ఫ్యాక్టరీల చట్టం, 1948 ముప్పై మందికి మించి మహిళా కార్మికులు ఉన్నచోట ఆరేళ్ల లోపు పిల్లలకు క్రెష్ ఉండాలని నిర్దేశించింది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో జరిగిన సవరణ 50 లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు ఆ బాధ్యతను విస్తరించి, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి వచ్చే అవకాశం కల్పించింది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, 2020లోని 67వ సెక్షన్‌లో ఈ నియమం కొనసాగుతున్నది. ప్రభుత్వ, పురపాలక, ప్రైవేటు లేదా స్వచ్ఛంద సంస్థల ఉమ్మడి క్రెష్‌ను వినియోగించుకొనేందుకు, పలు సంస్థలు కలిసి ఒకే క్రెష్ నిర్వహించుకొనేందుకు ఆ సెక్షన్ వీలు కల్పిస్తున్నది.

గ్రామీణ ఉపాధి హామీ చట్టం, 2005 పని స్థలానికి తల్లుల వెంట ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకు మించి వస్తే, కూలీలలో ఒక స్త్రీని వారి సంరక్షణకు నియమించి ఆమెకు కూలి చెల్లించాలని పేర్కొన్నది. పిల్లలను చూసుకోవడం పని అని, దానికి వేతనం ఉండాలని చట్టం గుర్తించిన అరుదైన సందర్భం ఇది. అటువంటి స్త్రీకి సమీప అంగన్‌వాడీలో ఒకటి రెండు రోజుల అనుభవం లభిస్తే చెట్టు నీడ సైతం ఆటస్థలం కాగలదు.

బడి మానిన అక్క

పెద్దలకు వర్తించే తర్కం పన్నెండేళ్ల బాలికకు వర్తించదు. తమ్ముణ్ణి తీసుకొని కేంద్రానికి వచ్చిన బాలికను సంరక్షకురాలిగా ఆహ్వానిస్తే ఆమె బడి మానడాన్ని ఆమోదించినట్లవుతుంది. పిల్లలను చూసుకొనే బాలికలు బడికి వెళ్లగలిగేందుకు పగటి సంరక్షణ కేంద్రాలు అవసరమని 1986 నాటి జాతీయ విద్యా విధానమే గుర్తించింది. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల వరకు ఆమెకు ఉచిత నిర్బంధ విద్య హక్కు.

కనుక బడివేళ అక్క వెంట వచ్చిన శిశువును కేంద్రంలో చేర్చుకోవడం, అక్కను బడికి పంపే విషయం ప్రధానోపాధ్యాయునికి, తల్లిదండ్రులకు తెలియజేయడం ఒకే పనిలోని రెండు భాగాలు. ఒకదానిని చేసి రెండవదానిని విడిచిపెట్టరాదు. శిశువును తిప్పి పంపితే ఇద్దరూ నష్టపోతారు.

ఆచరణలో అవరోధాలు

మొదటిది వేళ. నాట్లు, కోతల కాలంలో స్త్రీలు తెల్లవారకముందే ఇల్లు విడుస్తారు. కేంద్రం తెరిచే వేళకు శిశువును దించేది తల్లి కాదు.

రెండవది నమోదు. శిశువు వివరాలు 2021లో ప్రారంభమైన పోషణ్ ట్రాకర్‌లో తల్లి ఆధార్ ఆధారంగా నమోదవుతాయి. శిశువు ఆధార్ తప్పనిసరి కాదు. ఇంటికిచ్చే పోషకాహార పంపిణీకి 2025లో ముఖ గుర్తింపు తప్పనిసరి అయింది. ఆ నియమం పంపిణీకి సంబంధించినది. శిశువు ఆటపాటలకు హాజరయ్యేందుకు, అవ్వ పక్కన కూర్చొనేందుకు దానితో సంబంధం లేదు. క్షేత్రస్థాయిలో ఈ రెండింటినీ కలిపి అర్థం చేసుకొనే ప్రమాదం ఉన్నది.

మూడవది నివాసం. కూతురి బిడ్డ అమ్మమ్మ ఊళ్లో, వలస కూలీ బిడ్డ ఇటుక బట్టీ వద్ద ఉండవచ్చు. పేరు మరో కేంద్రంలో ఉన్నదన్న కారణంతో శిశువును తిరస్కరించరాదు. పోషణ్ ట్రాకర్‌లో లబ్ధిదారుల వివరాలను ఒక కేంద్రం నుంచి మరొక కేంద్రానికి, ఇతర రాష్ట్రానికి సైతం బదిలీ చేసే వెసులుబాటు ఉన్నది.

నాలుగవది సిబ్బంది పనిభారం. ఒక టీచరు, ఒక ఆయా వంట, సర్వే, యాప్ నమోదు, గృహ సందర్శనలు, ఆటపాటలు నిర్వహించవలసి ఉన్నది. సంరక్షకులను ఆహ్వానించడం అదనపు భారమన్న అభిప్రాయం సహజం. ఇందులో నిజం లేకపోలేదు. చంటిపిల్లలతో పది మంది ఒకేసారి వస్తే ఇరుకైన అద్దె గదిలో చోటు చాలదు. అందుకే రోజూ కాక నిర్ణీత దినాన, విడతలవారీగా ఏర్పాటు చేయడం ఆచరణీయం.

ఐదవది సంకోచం. పరాయి బిడ్డను తీసుకొని వచ్చిన కూలి స్త్రీకి, అక్షరం రాని అవ్వకు కేంద్రం తమది కాదన్న భావన ఉంటుంది. గుమ్మం వద్ద నిలబెట్టి బిడ్డను మాత్రమే లోపలికి తీసుకొంటే ఆ భావన స్థిరపడుతుంది.

భద్రత

ప్రవేశం కల్పించడమంటే జాగ్రత్తలు విడిచిపెట్టడం కాదు. శిశువును ఎవరు దించుతారో, ఎవరికి అప్పగించాలో తల్లిదండ్రులు ముందుగా తెలియజేసి ఉండాలి. సంరక్షకురాలి పేరు, ఫోను నంబరు టీచరు వద్ద నమోదై ఉండాలి. సంరక్షకురాలు తాను తెచ్చిన పిల్లల బాధ్యత వహిస్తారు. ఇతర పిల్లలతో ఒంటరిగా ఉండరాదు. జ్వరం, అంటువ్యాధి ఉన్న శిశువును ఆ రోజుకు ఇంటివద్దనే ఉంచాలి.

శిశువుపై లైంగిక నేరం జరిగిందన్న అనుమానం కలిగితే పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రతి వ్యక్తి బాధ్యత. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉచితంగా పనిచేస్తున్నది. ఈ రెండు విషయాలు సంరక్షకులకు సైతం తెలియజేయడం అవసరం.

ఇతర దేశాల అనుభవం

ఇంటి వద్ద పిల్లలను చూసుకొనే వృత్తికి కొన్ని దేశాల్లో చట్టబద్ధ గుర్తింపు ఉన్నది. ఇంగ్లండులో అటువంటి వారిని చైల్డ్‌మైండర్లు అంటారు. వారు ఆఫ్‌స్టెడ్ అనే తనిఖీ సంస్థ వద్ద గాని, చైల్డ్‌మైండర్ ఏజెన్సీ వద్ద గాని నమోదు కావలసి ఉంటుంది. సాధారణంగా ఒకరు ఎనిమిదేళ్ల లోపు పిల్లలను ఆరుగురికి మించి చూడరాదు. గ్రంథాలయాల్లో, చర్చి హాళ్లలో, శిశు కేంద్రాల్లో జరిగే ఆటవేళలకు తల్లిదండ్రులతో పాటు వీరూ పిల్లలను తీసుకువెళ్తారు. రోజంతా ఒంటరిగా పనిచేసే వీరికి తోటివారు కలిసేది అక్కడే. ముగ్గురు పిల్లలతో వచ్చిన ఒక సంరక్షకురాలు మూడు చోట్లు తీసుకొన్నప్పుడు పరిమిత స్థలాన్ని ఎలా పంచాలన్న ప్రశ్న అక్కడా ఉన్నది. ఐర్లండులో వీరికై ప్రత్యేక నిబంధనలు 2024 సెప్టెంబరు 30 నుంచి అమలులోకి వచ్చాయి.

భారతదేశంలో తన ఇంట పరుల పిల్లలను చూసుకొనే వ్యక్తిని నమోదు చేసే జాతీయ చట్టమేదీ లేదు. నమోదు లేనిచోట తనిఖీ లేదు, శిక్షణ లేదు. ఈ స్థితిలో అంగన్‌వాడీ ఆటవేళ కేవలం వినోదం కాదు; అటువంటి వ్యక్తి, ఆమె చేతిలోని పిల్లలు ప్రభుత్వ సిబ్బంది కంటపడే అవకాశం ఉన్న చోటు అది. బరువు తగ్గిన శిశువు, మాట ఆలస్యమైన శిశువు, టీకా తప్పిన శిశువు అక్కడ గుర్తింపబడవచ్చు.

అధికారులు పరిశీలించదగిన అంశాలు

ప్రస్తుత నిబంధనల పరిధిలోనే, ప్రత్యేక నిధులు లేకుండా ఈ క్రింది చర్యలు సాధ్యం.

1. కుటుంబ సర్వే సమయంలో పగటివేళ శిశువు ఎవరి వద్ద ఉంటున్నదీ అడిగి టీచరు తన పుస్తకంలో వ్రాసుకోవడం.

2. ఈసీసీఈ దినం ఆహ్వానంలో తల్లి లేదా బిడ్డను చూసుకొనే వారు అన్న మాట చేర్చడం. స్వయం సహాయక సంఘాల సమావేశాల్లో చాటింపు వేయించడం.

3. మూడేళ్ల లోపు పిల్లలకు, వారి సంరక్షకులకు వారానికి ఒక పూట 'నవచేతన' ఆధారంగా ఆటవేళ నిర్వహించడం. స్థలం చాలనిచోట పాఠశాల వరండానో, పంచాయతీ భవనాన్నో వినియోగించడం.

4. నాట్లు, కోతల కాలంలో ఈసీసీఈ దినం వేళను స్థానికంగా సర్దుబాటు చేయడం.

5. వలస శిశువుల ప్రవేశం, వివరాల బదిలీపై సి.డి.పి.ఓ.లు, సూపర్‌వైజర్లు నెలవారీ సమీక్ష జరపడం.

6. గైర్హాజరును నమోదు చేసేటప్పుడు కారణాన్ని సైతం వ్రాయడం.

7. బడివేళ శిశువులతో వచ్చే బాలికల వివరాలను పాఠశాలకు తెలియజేయడం.

పాత్రికేయులకు సూచన

వార్తల్లో అంగన్‌వాడీ, క్రెష్, ప్లేస్కూలు అన్న పదాలు పరస్పరం కలిసిపోతుంటాయి. అంగన్‌వాడీ ఐ.సి.డి.ఎస్. సేవల కేంద్రం, పగలంతా సంరక్షణ దాని ప్రాథమిక విధి కాదు. క్రెష్ పగటి సంరక్షణ కేంద్రం. ప్లేస్కూలు సాధారణంగా ప్రైవేటు యాజమాన్యంలో రుసుముపై నడిచేది. అంగన్‌వాడీకి పిల్లలు రావడం లేదన్న వార్త వ్రాసేటప్పుడు కేంద్రం తెరిచి ఉన్నదా లేదా అన్నదానితో పాటు, పగలు ఆ పిల్లలు ఎవరి వద్ద ఉన్నారో, ఆ వ్యక్తికి కేంద్రం నుంచి పిలుపు అందిందో లేదో విచారిస్తే వార్తకు సమగ్రత చేకూరుతుంది.

తల్లి పనికి వెళ్లడం శిశువుకు శిక్ష కారాదన్నది క్రెష్ పథకాలన్నింటి వెనుక గల సూత్రం. అదే సూత్రం అంగన్‌వాడీ ఆటపాటలకు కూడా వర్తిస్తుంది. శిశువు చేయి పట్టుకొని వచ్చినది అమ్మమ్మ అయినా, పొరుగింటి స్త్రీ అయినా, జీతానికి కుదిరిన ఆయా అయినా కేంద్రంలో ఒక చాప, ఒక పలకరింపు వారికి లభించవలసి ఉన్నది. వారితోనే శిశువు లోపలికి వస్తాడు.